ముందు ఎర, తర్వాతే సంఘం

మృగశిర కార్తె దగ్గర పడిందంటే తెలంగాణలో ఏ ఊళ్లోనైనా మాట చేపల మీదికి మళ్లుతుంది. జూన్ 8కి కాస్త అటూ ఇటూగా వచ్చే ఆ రోజున చేప ముక్క నోట పడాలని పట్టింపు ఉన్న ఇళ్లు ఎన్నో. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచేదీ అప్పుడే. ఒక పక్క కృష్ణ, దగ్గర్లోనే జూరాల జలాశయం నీళ్లు ఉన్న వనపర్తి జిల్లా అమరచింతలో ఇక చెప్పాలా? కొర్రమట్ట కిలో ఎంత పలికింది, ఎవరి గాలానికి ఏం పడింది అన్న ముచ్చట లేని అరుగు ఆ వారంలో కనబడదు. చేపల ఎరలు సొంతంగా తయారు చేసుకునే చిన్న క్లబ్బు ఒకటి పెట్టాలన్న ఆలోచన మీకుంటే, నలుగురిని పోగేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

సాధారణంగా మనం సంఘం ఎలా పెడతాం? ముందు పేరు, ఆ తర్వాత బ్యానరు, ఆ తర్వాత అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరన్న చర్చ. ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. రెండు నెలలు తిరిగేసరికి అందులో శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మరేమీ ఉండవు. పదవులతో మొదలైన సంఘంలో పని చివరికి వస్తుంది, చాలాసార్లు అసలే రాదు. అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పేది తలకిందుల పద్ధతి. మొదటి సాయంత్రం అధ్యక్షుణ్ని ఎన్నుకోవద్దు. ఒక బల్ల వేయండి, దాని మీద నాలుగు పాత చెప్పులు, రెండు పదునైన చాకులు, కొన్ని గాలాలు, ఒక దారపు ఉండ పెట్టండి. వచ్చిన ప్రతి మనిషీ ఇంటికి వెళ్లేలోగా ఒక ఎర పూర్తి చేయాలి. అది వంకరగా ఉన్నా సరే. వట్టి చేతులతో వెళ్లినవాడు రెండోసారి రాడు. తన చేత్తో చేసిన వస్తువు జేబులో వేసుకుని వెళ్లినవాడు దాన్ని నీళ్లలో వేసి చూసేదాకా నిద్రపోడు, చూశాక మళ్లీ మీ బల్ల దగ్గరికే వస్తాడు.

ఇక్కడ ఎర అంటే వానపామో పిండిముద్దో కాదు. షికారు సామాన్ల దుకాణాల్లో ల్యూరు అని అమ్మే వస్తువు: చేపలా, కప్పలా, పురుగులా కదిలే బొమ్మ. వానపాము వాసనతో, రుచితో పిలుస్తుంది. ల్యూరు కదలికతో, మెరుపుతో, నీళ్లలో పుట్టించే అదురుతో రెచ్చగొడుతుంది. చేప ఒంటి పక్కన, తల నుంచి తోక దాకా సాగే సన్నని గీత ఉంటుంది కదా, నీటి అదురును అది పసిగడుతుంది. మసక నీళ్లలో, చీకట్లో కూడా వాలుగ తన తిండిని కనిపెట్టగలగడానికి ఆ గీత, నోటి దగ్గరి మీసాలే ఆసరా. కాబట్టి ల్యూరుకు పడేది వేటాడి తినే చేప. మన వైపు అంటే ప్రధానంగా కొర్రమట్ట, వాలుగ. బొచ్చె నీటి పైపొరలో సన్నటి జీవాల్ని వడగట్టుకు తింటుంది, రవ్వ నడిమి నీళ్లలో మేస్తుంది, మృగాల అడుగున బురద వెతుక్కుంటుంది. మీరు ఎంత అందమైన చెక్క చేపను వాటి ముందు ఆడించినా సాధారణంగా అవి పట్టించుకోవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మత్స్యకారులతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

డబ్బున్నవాళ్ల సరదా ఇది, మనకెందుకు అని ఎవరైనా అంటే వాళ్లకు ఫిన్లాండు జాలరి లౌరి రపాల సంగతి చెప్పండి. పూట గడవడానికి చేపలు పట్టే మనిషి. పెద్ద చేప చిన్నచేపల గుంపు మీదికి దూకినప్పుడు, అన్నిటిలో ఏదో ఒకటి కాస్త కుంటుతూ, పక్కకు ఒరుగుతూ ఈదుతుంటే దాన్నే ఎంచుకోవడం అతను పడవలోంచి గమనించాడు. 1936లో కార్కు ముక్కను చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ల మీది తళతళలాడే కాగితం చుట్టి, ఫొటో నెగెటివ్‌లను కరిగించి పైన పూత పూసి, ఆ కుంటి ఈతను కార్కులోకి తెచ్చాడు. అతని దగ్గర కొత్త సామాను ఏమీ లేదు. ఉన్నది చూపు. 1962లో అమెరికాలో లైఫ్ పత్రిక ఆ ఎర మీద వ్యాసం వేసేసరికి ఇంటి పనిగా మొదలైనది ప్రపంచ వ్యాపారమైంది. అయినా ఆ కంపెనీ పేరు నిలబెట్టిన అలవాటు ఒకటుంది: ప్రతి ఎరనూ నీళ్ల తొట్టిలో ఈదించి చూశాకే పెట్టెలో పెట్టడం. మీ క్లబ్బు అరువు తెచ్చుకోవలసింది ఆ అలవాటునే.

మన దేశంలోనూ ఈ విద్యకు పాత చరిత్ర ఉంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మన నదుల్లో గాలపు వేట మీద ఒక పుస్తకం, ఆ తర్వాత ప్రత్యేకంగా చెరువుల్లో వేట మీద మరొకటి రాశాడు. చెరువుకు విడిగా పుస్తకం కావాలని ఒక దొర గుర్తించడం నాకు నచ్చింది. ఎందుకంటే చెరువుది వేరే చదువు. పారే నది చేపకు తిండిని మోసుకొస్తుంది, చెరువులో కొర్రమట్ట తామరాకుల కింద, గుర్రపుడెక్క సందుల్లో కదలకుండా కాచుకుని కూర్చుంటుంది. మీ ఎర ఆ ఆకుల మీద చిక్కుకోకుండా జారాలి. దుకాణంలో కొన్న మూడు కొక్కేల ఎరలు చాలావరకు అక్కడే ఓడిపోతాయి.

ఆ నీటికి సరిపోయేది చెప్పు కప్ప. మొదటి సాయంత్రం అందరిచేతా చేయించాల్సింది కూడా అదే. అరిగిపోయిన హవాయి చెప్పు మడమ భాగం తీసుకోండి. అక్కడ రబ్బరు మందంగా ఉంటుంది. బొటనవేలంత ముక్క కోసి, ఒక కొస ముక్కులా సన్నగా, నడుము వెడల్పుగా చెక్కండి. చాకును తడిపి కోస్తే రబ్బరు చిరగకుండా నున్నగా తెగుతుంది. పొట్ట కింద నిలువుగా ఒక గాటు పెట్టి, జోడు గాలాన్ని అందులో దూర్చండి. కన్ను ముక్కులోంచి బయటికి రావాలి, రెండు మొనలూ నడుముకు రెండు పక్కలనుంచి పైకి తిరిగి వీపును ఆనుకుని పడుకోవాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మొనలకూ వీపుకూ మధ్య నూలుపోగు దూరేంత సందు మాత్రమే ఉండాలి. ఎక్కువైతే ప్రతి ఆకూ తగులుకుంటుంది. మొనలు రబ్బరులోకి దిగిపోతే చేప కొట్టినా గుచ్చుకోదు. కొర్రమట్ట దవడ మూసినప్పుడు రబ్బరు అణిగి మొనలు బయటపడతాయి. గాటును సైకిల్ ట్యూబు అతికించే సొల్యూషన్‌తో మూసి దారంతో బిగించి రాత్రంతా ఆరనివ్వండి. తోక దగ్గర చిన్న ఇనుప నట్టు ఒకటి కట్టండి. బరువు వెనక ఉంటే విసిరినప్పుడు దూరం పోతుంది, నీళ్ల మీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. కాళ్లకు సైకిల్ ట్యూబు పేలికలు చాలు.

కాళ్ల విషయంలో అమరచింతకు ఇంకో సంపద ఉంది. సంస్థానం కాలం నుంచీ సన్న నేతకు పేరున్న ఊరు. ఇప్పటికీ ఇక్కడి మగ్గాల మీద గద్వాల చీర నేస్తారు. పడుగు చివర మిగిలే పోగులు, తెగిన పట్టుదారం, జరీ తుంటలు మగ్గం కింద రాలి ఉంటాయి. ఎరలు కట్టేవాళ్లు అలాంటి మెరుపు దారం కోసం దుకాణానికి పరుగెత్తి డబ్బు పోస్తారు. మన దగ్గర అది ఊడ్చి పారేసే సరుకు. తడిసిన పట్టు పోగులు నీళ్లలో విచ్చుకుని ముడుచుకునే తీరు చూస్తే ప్రాణమున్న తోకేమో అనిపిస్తుంది. జరీ తునక ఒకటి కలిపితే ఎండలో చేప పొలుసు మెరిసినట్టు మెరుస్తుంది. అంతకంటే విలువైనది నేతగాళ్ల చేతి చలువ. నూలు బట్టకు పట్టు అంచు కలిపే చేతులవి, తెగిన పోగును ముడి కనబడకుండా అతికే చేతులవి. అరంగుళం గాలానికి దారం బిగించి చుట్టడం వాళ్లకు నేర్పక్కర్లేదు, మీకే నేర్పుతారు. మీ బల్ల దగ్గర ఒక నేతన్న, ఒక వడ్ల మేస్త్రి, చేపలు పట్టే ఇంటి కుర్రాడు ఒకడు కూర్చుంటే చాలు, క్లబ్బు పుట్టినట్టే.

వానాకాలం ఈ పనికి ఎందుకు కుదురుతుందో కూడా ఆలోచించండి. గుంట మగ్గాల్లో నీరూరి, నూలు తేమ పట్టి నేత మందగించే రోజులవి. కృష్ణకు వరదొచ్చి నీళ్లు ఎర్రబడే రోజులూ అవే, మసక నీళ్లలో రంగురంగుల ఎర ఎంత మెరిసినా చేపకు కనబడేది తక్కువ. అన్నిటికీ మించి చేప గుడ్లు పెట్టే కాలం. అంటే మృగశిర నుంచి దసరా దాకా మీ క్లబ్బు పని బల్ల మీదే, నీళ్లలోకి విసరడం కార్తీకం వచ్చాకే. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే క్లబ్బుకు ఒక ఏడాది క్రమం దానంతటదే ఏర్పడుతుంది.

ఈ నియమం ఎంత ముఖ్యమో తెలియాలంటే కొర్రమట్ట సంసారం తెలియాలి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. కొత్తనీరు చేరాక జత ఒకటి గడ్డి సందులో కాస్త జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలుతాయి. పిల్లలు బయటికొచ్చాక నారింజ ఎరుపులో ముద్దగా, నీటిపైన చిన్న చిన్న బుడగలు వదులుతూ గుంపుగా తిరుగుతాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా. ఆ గుంపు మీదుగా కప్ప ఎర లాగితే పెద్ద చేప కొట్టి తీరుతుంది. అది ఆకలితో కొట్టడం కాదు, పిల్లల జోలికొచ్చిన దాని మీద తిరగబడటం. దాన్ని పైకి లాగేశారా, ఆ పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు ఖాళీ చేస్తాయి. చాలామంది దీన్ని గొప్ప కిటుకని ఒకరికొకరు చెప్పుకుంటారు. మీ క్లబ్బులో మాత్రం ఎర్రగుంపు కనబడితే గాలం చుట్టేయడమే. ఎవరైనా అలా పట్టిన చేప ఫొటో పెడితే మెచ్చుకోకండి.

చెప్పు కప్ప చేతికొచ్చాక చెక్క చేపకు దిగండి. నిర్మల్ బొమ్మలు చెక్కే పొనికి కర్ర దీనికి ఎంతో అనువైనది. తేలిగ్గా ఉంటుంది, చాకు మాట వింటుంది. అది దొరక్కపోతే బాసికాలకు వాడే జీలుగు బెండుతో చిన్నవి చేయొచ్చు, కాకపోతే పైపూత గట్టిగా వేయాలి. ఒంటి పొడవునా గాడి తీసి, ముక్కు నుంచి తోక దాకా ఒకటే తీగ పోనివ్వండి. తీగను ముక్కలుగా గుచ్చితే పెద్ద వాలుగ ఒక్క గుంజుకు పీకేస్తుంది. సైకిల్ చువ్వ గట్టిదే కానీ వంచడం కష్టం, కాస్త సన్నటి స్టీలు తీగ మేలు. గాడిని ఎంసీల్‌తో పూడ్చి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేయండి. గోళ్ల రంగు సీసాలు ఉన్నచోట వేరే రంగులు కొనక్కర్లేదు. కళ్లకు చమ్కీలు, పూసలు కురుమూర్తి జాతరలో ఏడాదికి సరిపడా తెచ్చుకోవచ్చు. చివర రెండు గొట్టాల జిగురు కలిపి పలచగా పూతపెట్టి, గట్టిపడేదాకా గంటసేపు చేత్తో తిప్పుతూనే ఉండాలి, లేదంటే జిగురంతా పొట్ట కిందికి జారి గడ్డకడుతుంది. ఆ గంటే క్లబ్బులో ముచ్చట్లకు మంచి సమయం. చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది.

ముక్కు కింద నాలుకలా ఒక పలక పెడితేనే చెక్క చేప ఈదుతుంది. పాత సీడీని కత్తిరించి పెట్టొచ్చు. వేడినీళ్లలో ముంచి కోస్తే పగలదు. లాగినప్పుడు నీళ్లు ఆ పలకను కిందికి నొక్కుతాయి, రెండు అంచుల వెంట ఒకసారి ఇటు, ఒకసారి అటు జారిపోతాయి, దాంతో చేప ఒళ్లు ఊగుతుంది. పలక దాదాపు నిటారుగా దిగితే ఎర లోతుకు పోదు, ఊగడం మాత్రం జోరుగా ఉంటుంది. ముందుకు చాచి, పొడుగ్గా పెడితే లోతుకు దిగుతుంది. బరువు పొట్ట కిందే, మధ్యకు కాస్త ముందు ఉండాలి, పైన ఉంటే వెల్లకిలా పడుతుంది. లాగుతుంటే ఎడమకు పారిపోతోందా? దారం కట్టే కన్నును పట్టుకారుతో వెంట్రుకవాసి కుడికి వంచండి. కుడికి పారిపోతే ఎడమకు. ఒకేసారి ఎక్కువ వంచొద్దు. నూటికి తొంభై ఎరలు పనికిరావని పారేసేది ఈ వెంట్రుకవాసి సర్దుబాటు తెలియకే అని నా నమ్మకం.

అందుకే క్లబ్బు కొనాల్సిన మొదటి ఆస్తి ఒక పొడుగాటి నీళ్ల తొట్టి. పశువులు తాగే సిమెంటు తొట్టి అయినా ఫరవాలేదు. చేసినవాడే కాకుండా పక్కవాడు కూడా ఆ ఎరను లాగి చూడాలి. తేలిందా, మునిగిందా, ఊగిందా, గిరగిరా తిరిగిందా అని ఒక నోటుబుక్కులో రాయాలి. పొడవు, బరువు, పలక కొలత, ఏ కర్ర, ఏం తప్పింది, ఎలా సరిచేశారు అన్నీ అందులో ఉండాలి. చెడిపోయిన ఎరల్ని దాచకండి, గోడకు వరసగా మేకులు కొట్టి తగిలించండి. కొత్తగా వచ్చినవాడికి బాగా ఈదే ఎర చూపిస్తే భయపడతాడు, వెల్లకిలా పడిన ఎర చూపించి ఎందుకు పడిందో చెబితే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఇక నీళ్ల సంగతి. అసలు మీ క్లబ్బు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. చెరువు ఊరందరిది అనుకుని గాలం భుజాన వేసుకుని కట్టెక్కేస్తే గొడవలొస్తాయి, రావాలి కూడా. చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్య పారిశ్రామిక సహకార సంఘానిది. ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాలు ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. 2016-17 నుంచి ప్రభుత్వం నూరు శాతం రాయితీతో చెరువుల్లో, జలాశయాల్లో చేపపిల్లల్ని వదిలే పథకం మొదలుపెట్టింది కూడా వాళ్ల కోసమే. మీ సరదా వాళ్ల కూటి మీదికి రాకూడదు. కాబట్టి మొదటి ఎర నీళ్లలో పడక ముందే సంఘం పెద్దల దగ్గరికి వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లకండి, మీరు చేసిన ఎరలు తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. "కాకా, ఇది బొచ్చెకు, రవ్వకు పడేది కాదు. మీరు వదిలిన పిల్లల జోలికి మేం రాం. కొర్రమట్ట పడితే ఇడుస్తం, లేకుంటే తెచ్చి మీకే అప్పజెప్తం" అని చెప్పండి. వాలుగ లాంటి చేప తాము వదిలిన పిల్లల్నే మింగుతుందని వాళ్లకు మీకంటే బాగా తెలుసు. కానీ కొర్రమట్టకు బజారులో ఎంత ధర ఉందో కూడా తెలుసు. కాబట్టి ఆ మాట నోటితో వదిలేయకుండా కాగితం మీద పెట్టుకోండి: ఏ రోజుల్లో, ఏ గట్టున, ఎంతమంది, పట్టిన చేప ఎవరిది. జలాశయాల్లో అయితే మత్స్యశాఖ లైసెన్సు సంగతి వనపర్తి జిల్లా కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే గాలం తీయండి.

కాగితం మీద తప్పకుండా ఉండాల్సిన వాక్యం వలల గురించి. మూడు కొక్కేల ఎర ఒక్కసారి వలలో పడిందంటే గజాల కొద్దీ కన్నులు చిరుగుతాయి, ఆ కుటుంబానికి నాలుగు రోజుల పని పోతుంది. నీళ్ల మీద వల బెండ్లు వరసగా కనబడిన చోట విసరకూడదు. పొరపాటున తగులుకుంటే తెంపాల్సింది ఎరను, వలను కాదు. ఎంత ముద్దుగా చేసుకున్న ఎరైనా సరే. మీరు ఆ మాట మీద నిలబడటం వాళ్లు ఒక్కసారి కళ్లారా చూస్తే, ఏ రాయి కింద కొర్రమట్ట ఉందో వాళ్లే చెబుతారు. నా ఉద్దేశంలో క్లబ్బులో సగం జ్ఞానం నీటి మీద పుట్టీల్లో తిరిగేవాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల పిల్లల దగ్గర సభ్యత్వ రుసుము తీసుకోకండి.

తోటాలు పేల్చి, మందు కలిపి చేపల్ని చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచీ నేరమే. అలాంటి పని చేసేవాడు ఎంత దగ్గరివాడైనా మీ బల్ల దగ్గర చోటివ్వొద్దు.

భద్రత మీద మెత్తగా మాట్లాడి లాభం లేదు. జూరాల కింద నది ఎండినట్టు కనబడే రాళ్ల మీద దిగి విసరడం చాలామందికి ఇష్టం. ఎగువన గేట్లు ఎత్తితే, లేదా విద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు నడిపితే నీళ్లు కళ్లముందే పెరుగుతాయి. మీరు నిలబడిన రాయికీ ఒడ్డుకీ మధ్య పాయ నిండిపోయాక అరిచినా ఫలితం ఉండదు. అసలు రాళ్ల మీదికి వెళ్లొద్దు, ఒడ్డు నుంచే విసరండి. ఈ కృష్ణ పట్టున మొసళ్లు ఉన్నాయి, కాలువల్లోకీ పొలాల్లోకీ వచ్చిన సందర్భాలున్నాయి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పొద్దుగూకే వేళ గాలం వేయడం మానుకోండి. పిల్లలతో వెళ్లేటప్పుడు ఊరి చెరువు చాలు. అలుగు దగ్గర, తూము దగ్గర కాకుండా కట్ట మీద, పగటిపూట.

బల్ల దగ్గర ప్రమాదం చిన్నది కానీ తరచుగా జరిగేది. గాలం మొన వెనక ఉండే ఎదురుముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేస్తే వేలికి గుచ్చుకున్నా ఇట్టే వస్తుంది, చేపను వదలడమూ సులువు. చదును చేయని గాలం లోతుగా దిగితే లాగకండి, ఆరోగ్య కేంద్రానికి వెళ్లి తీయించుకుని టీటీ సూది వేయించుకోండి. సీసం కరిగించి బరువులు పోసుకోవడం పాత అలవాటు, క్లబ్బులో అది వద్దు. ఆ పొగ పిల్లల మెదడుకు విషం. నీళ్లలో పడిన సీసపు గుళ్లు మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లో గాలాలకు కట్టే చిన్న సీసపు బరువుల్ని నిషేధించింది. ఇనుప నట్లు, స్టీలు గోళీలు మన పనికి చాలు. తెగిన నైలాను దారం గట్టున వదలకుండా ఒక డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. కొంగ కాళ్లకు చుట్టుకున్న దారాన్ని విప్పడానికి ఎవరూ ఉండరు.

డబ్బు విషయం ఎక్కువ చెప్పక్కర్లేదు. నెలకు 50 రూపాయలు చాలు, అది కూడా గాలాలకూ జిగురుకూ మాత్రమే. లెక్క గోడ మీద రాసి పెట్టండి. రిజిస్ట్రేషన్ తొందరేమీ లేదు. ఏడుగురు సభ్యులుంటే సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోవచ్చు. ఒక వానాకాలం, ఒక చలికాలం కలిసి పనిచేశాక కూడా అవసరమనిపిస్తే చేయించండి. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు బల్ల దగ్గర చోటు మొదటి రోజు నుంచే ఉండాలి. కండెలు చుట్టే చేతులు, చమ్కీ కుట్టే చేతులు ఊళ్లో ఎవరివో మీకు తెలుసు. వాళ్లను "తర్వాత పిలుద్దాం" అన్న క్లబ్బులు ఎప్పటికీ పిలవవు.

మొదటిసారి అందరూ కలిసి గట్టుకు వెళ్లడానికి నవంబరు 21 మంచి రోజు. ప్రపంచ మత్స్య దినోత్సవం, మత్స్యకార సంఘాలు జెండా ఎగరేసే రోజు. వాళ్ల కార్యక్రమానికి వెళ్లి కూర్చుని, ఆ తర్వాత వాళ్లను మీ ఎరలు చూడ్డానికి పిలవండి. పెద్ద చేప పట్టినవాడికి బహుమతి అని మాత్రం పెట్టొద్దు. ఆ పందెం పెట్టిన రోజే ఎర్రగుంపుల మీద గాలాలు పడటం మొదలవుతుంది, చేసిన ఎరను పక్కన పెట్టి కొన్న ఎర తెచ్చేవాళ్లూ బయల్దేరుతారు. బహుమతి ఇవ్వదలిస్తే, ఆ ఏడాది నోటుబుక్కులో మిగతావాళ్లు ఎక్కువమంది నకలు చేసుకున్న ఎర ఎవరిదో వారికివ్వండి. ఆ ఎర బొమ్మను అసలు కొలతలో గీసి, పలక వాలు, బరువు పెట్టిన చోటు గుర్తులు పెట్టి, జిరాక్సు తీయించండి. ఆత్మకూరు నుంచో మక్తల్ నుంచో ఎవరైనా వచ్చి అడిగితే కాగితంతో పాటు ఒక చెప్పు ముక్క, రెండు జోడు గాలాలు, కాసిన్ని పట్టు పోగులు కూడా కట్టి పంపండి.